సస్పెన్స్‌కు నల్గొండ అచ్చిరాదు

1955 అక్టోబర్ 2న అమెరికాలో సీబీఎస్ చానెల్ ఒక లావుపాటి పెద్దమనిషిని తెర మీదికి తెచ్చి సంసారాల గుట్టు ఆయనకు అప్పజెప్పింది. ఆయనే సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన పేరుతో వచ్చిన ఆ అరగంట నాటికలు మొత్తం 268. ఆయన స్వయంగా డైరెక్ట్ చేసినవి 17 మాత్రమే. మిగతావాటికి రిబ్బన్ కత్తిరించే నాయకుడిలా ముందొకసారి, చివరొకసారి వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడి పోయేవాడు. మొగుడు పెళ్లాన్ని, పెళ్లాం మొగుణ్ని బురిడీ కొట్టించడమే చాలా కథలకు పెట్టుబడి. ఇలాంటివి ఫోన్లో చూసి మన ఆడామగా చెడిపోతారేమో అని దిగులుపడే పెద్దలకు, నల్గొండ వరకు ఆ భయం అక్కర్లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

1958 నాటి గొర్రె తొడ కథే తీసుకోండి. రోల్డ్ డాల్ రాసింది, హిచ్‌కాకే తీశాడు. మొగుడు పోలీసు. వదిలేసి పోతానంటాడు. భార్య ఫ్రీజర్‌లోంచి రాయిలా గడ్డకట్టిన తొడ తీసి తల మీద ఒక్కటి వేస్తుంది. తర్వాత దాన్నే వండి, ఆయుధం కోసం ఇల్లంతా వెతుకుతున్న పోలీసులకు పెడుతుంది. వాళ్లు సాక్ష్యాన్ని కడుపారా తింటారు.

బాగుంది. కానీ ఆదివారం పొద్దున్నే దుకాణం ముందు నిలబడి, 'బొక్కలు తక్కువెయ్యి, చిన్నగ కొట్టు' అని మొద్దు మీద ముక్కలు కొట్టించుకొచ్చే జనం మనం. ఆ కిలో ముక్కలతో ఎవరిని చంపుతాం? పోనీ తొడకు తొడే కొన్నదనుకుందాం. ఆమె ఇల్లు చేరేలోపే వాడకట్టంతా వాకిట్లో ఉంటుంది: "ఏందక్కా, సుట్టాలొస్తున్నరా?" పైగా పోలీసులను కూర్చోబెట్టి పెట్టి, తనను పిలవలేదని మేనమామ అలుగుతాడు. కేసు ఆ అలక దగ్గరే తేలిపోతుంది.

నేరం చేసినవాళ్లు హాయిగా తప్పించుకుంటే ఆనాటి టీవీ నియమాలు ఒప్పుకోవు. అందుకని ఆ నాటిక చివర్లో హిచ్‌కాక్ వచ్చి ఒక తోక తగిలించాడు. ఆమె రెండో మొగుణ్నీ అలాగే చంపబోయి దొరికిపోయిందట. ఆ రెండో మొగుడు మతిమరుపు మనిషి, ఫ్రీజర్ ప్లగ్గు పెట్టడం మరిచిపోతే మాంసం మెత్తబడిపోయిందట! ఈ లెక్కన ఎండాకాలం కరెంటు కోతలు మన జిల్లాలో ఎంతమంది మొగుళ్ల ప్రాణాలు నిలబెట్టాయో ఏ ప్రభుత్వమూ లెక్క తీయలేదు. మనమేమో తిట్టుకుంటూ కూర్చున్నాం.

ఇంకో కథ 1956 నాటిది. భార్యను చంపి నేలమాళిగలో పాతిపెట్టి అమెరికా పోతాడొక మొగుడు. పండక్కి ఆయనకు తెలియకుండా కానుక ఇద్దామని, ఆ నేలమాళిగనే తవ్వి వైన్ దాచుకునే గది కట్టమని ఆమె ముందే పని అప్పగించి ఉంటుంది. మన దగ్గర గడ్డపార రెండడుగులు దిగితే బండ. కంప్రెసర్ ట్రాక్టర్ పిలవాలి. ఆ చప్పుడుకు దారిన పోయేవాళ్లంతా ఆగుతారు. "సంపు తీస్తున్నవా అన్నా? ఈడ గాదు, ఈశాన్యం మూలకు తియ్యి, లేకుంటే ఇంట్ల ఆడోళ్లకు మంచిది గాదు." వాస్తు చెప్పేవాడికి శవాన్ని అడ్డం పెట్టలేం కదా.

ప్రియుడిచ్చిన బొచ్చు కోటును గిర్వీ పెట్టి, రశీదు దారిలో దొరికిందని మొగుడికిచ్చే ఇల్లాలి కథ 1960లో వచ్చింది. ఆ మొగుడు కోటు విడిపించి తన దగ్గర పనిచేసే అమ్మాయికిస్తాడు. మే నెల ఎండలో మనకు బొచ్చు కోటు ఎందుకు గానీ, గిర్వీ మాత్రం తెలిసిన సంగతే.

మన సంసారాల్లో మోసం లేదని నేననను. మొగుడు చిట్టీ ఎత్తి తమ్ముడికిచ్చాడని భార్యకు తెలుసు. ఆమె గాజులు గిర్వీలో ఉన్నాయని, ఆ డబ్బు బామ్మర్ది బోరుబావిలో పోయిందని మొగుడికి తెలుసు. ఎదుటివాళ్లకు తెలుసన్న సంగతీ ఇద్దరికీ తెలుసు. పెళ్లికి పోయేటప్పుడు "గాజులు ఏసుకోలేదేంది?" అని ఆయన అడగడు. "చిట్టీ ఎప్పుడొస్తది?" అని ఆమె అడగదు. హిచ్‌కాక్ నటులు అరగంట చేసిన పనిని వీళ్లు ముప్పై ఏళ్లు చేస్తారు, అదీ రీటేక్ లేకుండా.

ఇక చివర్లో వచ్చి ఎవరెలా దొరికారో చెప్పే పెద్దమనిషి పాత్రకు మన దగ్గర పోటీ ఎక్కువ. మా వాడకట్టులో ఆ పాత్ర వేసే పెద్దమ్మ మాత్రం నాటిక మొదలుకాకముందే ముగింపు చెప్పేస్తుంది.