తప్పిపోయిన ఎనిమిది

కనుమ నాడు కాకైనా కదలదంటారు. నేనూ అంబాజీపేటలో మా అత్తవారి అరుగు మీంచి కదలలేదు. కదిలి ఉంటే పరువు దక్కేది.

మా మామగారిది కొబ్బరి వ్యాపారం. ఆ అరుగు మీద ఏ మాట మొదలైనా వెయ్యి కాయల ధర దగ్గరే తేలుతుంది. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన అల్లుడిని, ఎంతసేపని గారెలు నములుతూ వింటాను? ఒక చీటీ మీద 12345679 అని రాశాను.

"మామగారూ, మీకిష్టమైన అంకె చెప్పండి."

"ఏడు. ఏడుకొండలవాడిది."

"ఏడు తొమ్మిదులు అరవై మూడు. దీన్ని అరవై మూడుతో గుణిస్తే అన్నీ ఏడులే వస్తాయి!"

ఇందులో మంత్రమేమీ లేదు. ఆ సంఖ్యను తొమ్మిదితో గుణిస్తే 111111111 వస్తుంది. దానికి ఏడింతలు 777777777. కానీ కొట్లోని కాలిక్యులేటర్‌లో పట్టేవి ఎనిమిది అంకెలే. తొమ్మిది ఏడులు మింగుడుపడక అది 'ఈ' అని ఇకిలించింది. నేనూ ఇకిలించి అక్కడితో వదిలేయాల్సింది.

గుమాస్తా గారు చెవి మీది పెన్సిల్ తీశారు. కాలిక్యులేటర్లంటే ఆయనకు మొదటినుంచీ చిన్నచూపు. పాత క్యాలెండర్ కాగితం వెనక చకచకా గుణించి, గొంతు సవరించుకుని చదివారు: 7777777707.

అరుగంతా ఆ సున్నా వైపే చూసింది.

"పండగ పూట ఒక్క సున్నాకేముందిలెండి అల్లుడు గారూ," అన్నారు మామగారు. తిట్టినా అంత బాధపడేవాడిని కాదు.

చీటీ లాక్కుని చూశాను. ఏడుకీ తొమ్మిదికీ మధ్య సన్నగా ఒక ఎనిమిది ఇరికించి ఉంది.

"తొందరలో మరిచిపోయారు బాబూ, నేనే వేశాను," అన్నారు గుమాస్తా గారు, ఎంతో దయగా.

ఇక ఆగలేకపోయాను. ఒకటిని ఎనభై ఒకటితో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత 012345679 అనే వరుసే మళ్లీ మళ్లీ వస్తుందని మొదలుపెట్టాను. సున్నా, ఒకటి, రెండు అంటూ స్థానానికొకటి చొప్పున పేర్చుకుంటూ పోతే పది దగ్గర చోటు చాలదు. పదిలోని ఒకటి ఎడమకు జరిగి తొమ్మిదిని పది చేస్తుంది. ఆ పదిలోని ఒకటి మళ్లీ ఎడమకు జరిగి ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది. అందుకే వరుసలో ఎనిమిది కనబడదు. చెబుతుండగానే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. గుమాస్తా గారు మాత్రం చివరిదాకా విన్నారు.

"అంటే ఎనిమిది ఎక్కడికీ పోలేదు, తొమ్మిది అయిపోయిందంటారు."

"అంతే!" అన్నాను, ఒక్కరికైనా అర్థమైందన్న సంబరంతో.

ముక్కనుమ నాడు మా ప్రయాణం. అల్లుడి కారులో పాతిక కాయలు వేయమన్నారు మామగారు. గుమాస్తా గారు స్వయంగా వచ్చి, డిక్కీలో ఒక్కొక్క కాయే వేస్తూ పైకి లెక్కపెట్టారు.

"అయిదు... ఆరు... ఏడు... తొమ్మిది... పది..."