మందారాన్ని అంత ఎర్రగా చేయకండి

పొద్దున్నే ఫేస్‌బుక్ తెరిస్తే ఎవరో ఒకరి పెరట్లోని మందారం కనబడుతుంది. సంతోషమే. కానీ రేకుల మీద ఈనెలేవీ? మడతలేవీ? ఎర్ర పెయింట్ ఒలికినట్టుంటుంది. పైగా ‘నో ఫిల్టర్’ అని రాస్తారు!

తప్పంతా ఎడిటింగ్‌దే కాదు. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడివిడిగా నమోదు చేస్తుంది. ఎర్ర మందారం దగ్గర మిగతా రెండూ ఖాళీగా ఉండగానే ఎరుపు నిండిపోతుంది. ఫోటో మొత్తం మీద వెలుగు బాగానే ఉన్నట్టుంటుంది, ఎరుపులోని వివరాలు మాత్రం ఎగిరిపోతాయి. అందుకే ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించి తీయాలి (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమైనట్టు). చాలా ఫోన్లలో పువ్వు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరిపితే చాలు. ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, చూసే అలవాటుంటే అందులో ఎరుపు గీతనే చూడండి.

తర్వాత ఎడిటింగ్‌లో ఆ శాచురేషన్ (రంగు గాఢత) మోజు ఒకటి! నేనైతే మందారానికి ఎరుపు శాచురేషన్‌ను పెంచను, కొద్దిగా తగ్గిస్తాను. పువ్వు వెలిసిపోతుందేమోనని టెన్షన్ అక్కర్లేదు. వెనకున్న ఆకుల్ని కాస్త ముదురు చేయండి, పువ్వు దానంతటదే ముందుకొస్తుంది. గీతల్నీ అంచుల్నీ కొట్టొచ్చినట్టు చూపే క్లారిటీని కేసరాలకు మాత్రమే ఇవ్వండి. రేకుల మీద వేస్తే మెత్తటి పువ్వు కాస్తా గరుకుగా తయారవుతుంది.

వెనకున్నదాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జోలికైతే అసలు పోవద్దు. మందారం అందమంతా ముందుకు పొడుచుకొచ్చే ఆ కాడలోనే ఉంది. చుట్టూ పసుపు పుప్పొడి, కొసన ఐదు చిన్న ఎర్రటి బొడిపెలు. ఫోన్ చాలాసార్లు ఆ సన్నటి పోగుల్ని కూడా వెనకున్న ఆకులనుకుని మసక చేసేస్తుంది. చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే ఖరీదైన మ్యాక్రో లెన్స్ ఉన్నా కష్టమే లెండి. 1:1 దగ్గర, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడేంత దగ్గర, ఎఫ్/2.8లో ఒక మిల్లీమీటరు మందం కూడా ఫోకస్‌లో ఉండదు (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది, ఫోకస్‌లో ఉండే మందం పెరుగుతుంది). ఎఫ్/8, ఎఫ్/11కి వెళ్లాలి. అదీ చాలకపోతే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ కొన్ని ఫోటోలు తీసి కలపాలి. ఎఫ్/22 పెడితే సరిపోదా అంటారేమో, అక్కడ డిఫ్రాక్షన్ వల్ల, అంటే సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, ఫోటో అంతా మెత్తబడిపోతుంది. వీటన్నిటికంటే తేలికైన దారి ఒకటుంది. పువ్వుకు ఎదురుగా కాకుండా పక్కకు వచ్చి తీయండి. కాడ మొత్తం ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి మొదలు నుంచి కొస దాకా స్పష్టంగా వస్తుంది.

మిట్టమధ్యాహ్నమే తీయాల్సి వస్తే ఎండకు అడ్డంగా తెల్ల పంచె పట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి.

‘కంటికి అలాగే కనబడిందండీ’ అనేవాళ్లకు ఒకటే మాట. ఫోన్ తీసుకెళ్లి పువ్వు పక్కన పెట్టి చూడండి. ఈరోజే చూడండి, రేపటికి అది ముడుచుకుపోతుంది.