ఇంజినీరు ‘వద్దు’ అంటే వినేదెవరు?

ప్రైవేటు కంపెనీలో ఇంజినీరు ఉద్యోగం అనగానే జీతం, పని గంటలు, ఉద్యోగ భద్రత చర్చకు వస్తాయి. అవి ముఖ్యమే. కానీ మంచి ఇంజినీర్లు విసిగిపోయేది ఎక్కువగా వేరే కారణంతో. తయారుచేసేది వారు, నిర్ణయించేది మరొకరు.

ఈ ఉద్యోగంలోని ఆనందం మాత్రం తక్కువది కాదు. కోడాక్‌లో చేరిన రెండు మూడేళ్లకే, 1975లో, స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశారు. సినిమా కెమెరా లెన్సు ఒకటి, క్యాసెట్ రికార్డర్ ఒకటి తెచ్చి కలిపారు. బరువు సుమారు మూడున్నర కిలోలు. ఒక్క నలుపు తెలుపు చిత్రం టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అంత చిన్న వయసులో అలాంటి ప్రయోగానికి పరికరాలు, సమయం, జీతం అన్నీ ఇచ్చింది కంపెనీయే. ఆ మేలు మరువకూడదు. అయితే ఫిలిం అమ్మకాలతో బతికే ఆ సంస్థ ఆ కెమెరాను భుజాన వేసుకోలేదు. 2012లో దివాలా రక్షణ కోరింది.

అక్కడ పోయింది వ్యాపారం. 1986లో పోయినవి ప్రాణాలు. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌ను పైకి తోసే రాకెట్ బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ అనే ప్రైవేటు కంపెనీలో రోజర్ బోజొలే ఇంజినీరు. బూస్టర్ల అతుకుల్లోని రబ్బరు రింగులు విఫలమైతే ఘోర ప్రమాదం తప్పదని ఆయన 1985లోనే లిఖితపూర్వకంగా హెచ్చరించారు. ప్రయోగానికి ముందు రాత్రి, చలికి ఆ రింగులు బిగుతు కోల్పోతాయని ఇంజినీర్లు వద్దన్నారు. కంపెనీ కూడా మొదట అదే మాట చెప్పి, మేనేజర్లు విడిగా కూర్చుని మాట్లాడుకున్నాక సరేనంది. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. అందులోని ఏడుగురూ మరణించారు.

మామూలు ఆఫీసుల్లో ఇంత ఘోరం జరగదు. జరిగేది చిన్నదే, కానీ రోజూ జరుగుతుంది. కొత్త ఉత్పత్తి విడుదల తేదీ ముందే ఖరారవుతుంది. పరీక్షలకు కేటాయించిన రెండు వారాలు నాలుగు రోజులకు కుదించుకుపోతాయి. అభ్యంతరం చెప్పినవారికి ‘సహకరించరు’ అన్న ముద్ర పడుతుంది. తీరా విడుదలయ్యాక, అర్ధరాత్రి ఫోను మోగేది ఆ అభ్యంతరం చెప్పిన మనిషికే. తెల్లవారేలోగా సరిచేస్తే మెచ్చుకుంటారు. అసలు ఆ లోపం రాకుండా ముందే ఆపినవారి పని మాత్రం ఏడాది చివరి మదింపులో ఎక్కడా కనిపించదు. జరగని ప్రమాదానికి లెక్క ఉండదు కదా! నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అన్యాయం ఇదే.

యాజమాన్యాల మీద డబ్బు, గడువుల ఒత్తిడి నిజమే. ప్రతి అభ్యంతరానికీ పని ఆపితే సంస్థ నడవదు. కానీ ఇంజినీరు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, దాన్ని తోసిపుచ్చిన వారి పేరు, కారణం పక్కనే రాయించడానికి పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క పద్ధతి ఉంటే చాలా తొందరపాటు నిర్ణయాలు అక్కడే ఆగుతాయి.

కొత్తగా చేరేవారు ఇంటర్వ్యూలో జీతంతో పాటు మరో ప్రశ్న అడగాలి: ‘ఇంజినీరు వద్దన్నందుకు మీరు చివరిసారి విడుదల వాయిదా వేసింది ఎప్పుడు?’ వినే అలవాటున్న సంస్థకు ఒక్క సందర్భమైనా గుర్తుంటుంది.