సర్వర్‌కి ఓఎస్ ఎంచుకునే ముందు దాని ఆయుష్షు ఎవరి చేతిలో ఉందో చూడండి

ప్రొడక్షన్ సర్వర్లకి ఏ లినక్స్ వేయాలి అని ఎవరైనా అడిగితే చాలు, ఏది ఫాస్ట్, దేంట్లో కొత్త కెర్నల్ ఉంది, ప్యాకేజీలు వేసే టూల్స్‌లో యాప్ట్ మంచిదా డీఎన్‌ఎఫ్ మంచిదా అని మొదలెడతారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చండీ. ఫలానా తేదీతో దీన్ని ఆపేస్తున్నాం అని చెప్పే అధికారం ఎవరికి ఉందో ముందు అది చూడాలి.

రెడ్ హ్యాట్ అమ్మే ఆర్‌హెచ్‌ఈఎల్ లినక్స్‌కి ఉచిత నకలైన సెంటాస్ 8 సంగతి అప్పుడే మర్చిపోయారా? 2019 సెప్టెంబర్‌లో వచ్చింది. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్న నమ్మకంతో ఎంతోమంది సర్వర్లని దాని మీదికి మార్చుకున్నారు. 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది, 2021 చివరితో సరి, ఆ తర్వాత ఆర్‌హెచ్‌ఈఎల్ కంటే ఓ అడుగు ముందు నడిచే సెంటాస్ స్ట్రీమ్ వాడుకోండి అని. పాత సెంటాస్ 7కి మాత్రం 2024 జూన్ దాకా గడువు అలాగే ఉంచారు. అంటే బుద్ధిగా కొత్త వెర్షన్‌కి మారినవాళ్లకే దెబ్బ. నాకది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. కోడ్ ఓపెన్‌గానే ఉంది, కానీ ఎన్నాళ్లు నడపాలో తేల్చింది రెడ్ హ్యాట్ ఒక్కటే. సెంటాస్ స్థానంలో రాకీ, ఆల్మా అనే ఉచిత లినక్స్‌లు వచ్చి చాలామందిని ఆదుకున్నాయి, నిజమే. కానీ 2023 జూన్‌లో ఆర్‌హెచ్‌ఈఎల్ సోర్స్‌ని బయట పెట్టడం ఆపి స్ట్రీమ్ సోర్స్ ఒక్కటే అందరికీ ఉంచేసరికి వాళ్లూ ఇబ్బంది పడ్డారు, ఆల్మా అయితే ఆర్‌హెచ్‌ఈఎల్‌నే అచ్చుగుద్దినట్టు ఇవ్వాలన్న లక్ష్యాన్నే వదులుకుంది.

అందుకే నా ఓటు డెబియన్ లినక్స్ స్టేబుల్ వెర్షన్‌కి. 1993 నుంచి నడుస్తోంది, ఏ కంపెనీ సొత్తూ కాదు, లీడర్‌ని ఏటా డెవలపర్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. రిలీజ్ అయ్యాక మూడేళ్లు మామూలు సపోర్టు, ఆపైన ఇంకో రెండేళ్లు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక సపోర్టు) టీమ్ చూసుకుంటుంది.

"అందులో అన్నీ పాత ప్యాకేజీలే కదా" అంటారు. వెర్షన్ నంబర్ పాతదే, కానీ సెక్యూరిటీ ఫిక్స్‌లని వెనక్కి తెచ్చి ఆ పాత వెర్షన్‌లోనే కలుపుతారు. ఆడిట్ వాళ్ల స్కానర్ నంబర్ ఒక్కటే చూసి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సాఫ్ట్‌వేర్) పాతది అని ఎర్రగా చూపిస్తుంది, మేనేజర్లకి టెన్షన్. డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో ఆ లోపానికి ఇచ్చిన సీవీఈ నంబర్ కొట్టి చూస్తే ఏ ప్యాకేజీలో సరిచేశారో రాసి ఉంటుంది, ఆ పేజీ పంపితే సరిపోతుంది. అసలు ఆ పాతదనమే కాపాడిన సందర్భం కూడా ఉంది. 2024 మార్చిలో, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఓ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. ఆ వెర్షన్లు డెబియన్ తర్వాతి రిలీజ్ తయారయ్యే టెస్టింగ్ దాకా వచ్చేశాయి. స్టేబుల్‌లోకి రాలేదు.

ఒరాకిల్ డేటాబేసో, శాప్ హానానో నడపాలంటే మాత్రం డెబియన్ అని మొండిగా కూర్చోకండి. ఆ కంపెనీలు సర్టిఫై చేసిన ఆర్‌హెచ్‌ఈఎల్‌కో, సూసేకో డబ్బు కట్టండి, ఆ డబ్బుకి సపోర్టు వస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ కూడా బాగుంటుంది, కాకపోతే అక్కడా నిర్ణయం దాన్ని తయారుచేసే కానానికల్ కంపెనీ ఒక్కదానిదే.

ఇంకా సెంటాస్ 7 మీద పేమెంట్లూ, కస్టమర్ల డేటా నడుపుతున్నవాళ్లకి ఒక్క మాట. "బాగానే నడుస్తోందిగా" అనకండి, దానికి ఉచిత ప్యాచ్‌లు ఆగిపోయాయి. ఉన్న మెషీన్‌నే అప్‌గ్రేడ్ చేయాలని చూడకుండా పక్కన కొత్త సర్వర్‌లో డెబియన్ వేసి, ఒక్కో సర్వీస్‌నీ అక్కడికి మార్చి టెస్ట్ చేసుకోండి. అన్నిటికంటే ముందు బయటి ఇంటర్నెట్‌కి కనిపించేవాటిని మార్చండి.