ఎనిమిది సున్నాల తాళం

జనానికి ఈమధ్య అనుమానం మరీ ముదిరింది. అణుబాంబులు భద్రంగానే ఉన్నాయని సైన్యం చెబితే విని ఊరుకోవచ్చు కదా? ఊరుకోరు. ఎవరి దగ్గరున్నాయి, తాళం ఎవరి జేబులో ఉంది, లెక్క ఎవరు చూస్తున్నారు అని ఒకటే ఆరాలు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? అందుకే అమెరికా సైన్యం తరఫున, వాళ్లు నాకు వకాల్తా ఇవ్వకపోయినా, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు తాళం సంగతి తేల్చేద్దాం. 1960 చివర్లో అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు యూరప్‌లోని స్థావరాలు చూడ్డానికి వెళ్లారు. అణుబాంబులు రూపొందించే లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్త హెరాల్డ్ ఆగ్న్యూ కూడా వెంట ఉన్నాడు. ఒకచోట జర్మన్ విమానాలకు అమెరికా అణుబాంబులు తగిలించి ఉన్నాయి. ఆ మొత్తానికీ కాపలా ఒక్క అమెరికన్ కుర్ర సిపాయి, చేతిలో ఓ తుపాకీ. ఆ కుర్రాడి ధైర్యానికి మురిసిపోవాల్సింది పోయి వీళ్లు బెంబేలెత్తారు. ఆ బెంగ పెరిగి పెరిగి 1962 జూన్‌లో అధ్యక్షుడు కెన్నెడీ సంతకం దాకా వెళ్లింది. యూరప్‌లోని బాంబులకు కోడ్ నొక్కితే తప్ప తెరుచుకోని తాళాలు వెయ్యాలన్నాడు. తీరా యుద్ధం వచ్చాక తాళం మొరాయిస్తే ఎలాగని సైనికాధికారులు గొణిగారు. పాపం, వాళ్ల బాధ వాళ్లది.

ఈ చిక్కుకు మహా తేలికైన విరుగుడు కనిపెట్టారని 2004లో బ్రూస్ బ్లెయిర్ బయటపెట్టాడు. ఆయన 1970ల్లో మినిట్‌మన్ అనే అమెరికా అణు క్షిపణులను ప్రయోగించే బంకర్లో డ్యూటీ చేసినవాడు. ఆయన చెప్పిన ప్రకారం 1977 దాకా ఆ క్షిపణుల రహస్య కోడ్ ఎనిమిది సున్నాలు. పైగా డ్యూటీ ఎక్కగానే, సున్నా బదులు ఇంకో అంకె పొరపాటున పడి ఉందేమో చూసుకోవాలట! ఇందులో తప్పేముంది? పాస్‌వర్డ్ మర్చిపోతే ఎన్ని తిప్పలో మనకు తెలీదా? ప్రళయం ముంచుకొస్తున్న వేళ ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా?

వైమానిక దళం దీన్ని ఖండించింది. మినిట్‌మన్‌ను సిద్ధం చెయ్యడానికి గానీ, ప్రయోగించడానికి గానీ ఎనిమిది సున్నాల కోడ్ ఎన్నడూ వాడలేదంది. మొదటి ముక్క సంగతి వాళ్లూ బ్లెయిరూ తేల్చుకోవాలి. రెండోదానికి మాత్రం నేనే సాక్షిని. శత్రువు మీదకు ఏ కోడ్‌తోనూ వదల్లేదు కాబట్టే నేనిది రాస్తున్నాను, మీరు చదువుతున్నారు.

బ్రిటన్ వాళ్లు ఇంకా మర్యాదస్తులు. అక్కడి వైమానిక దళం 1998 దాకా బాంబులను సిద్ధం చేసింది సైకిల్ తాళానికి వాడే రకం చెవితో. కోడ్ పెడదామంటే, సీనియర్ అధికారులను అనుమానించినట్టవుతుందని నౌకాదళం నొచ్చుకుంది. పెద్దమనుషులంటే వాళ్లు.

ఇక ప్రమాదాలంటారా, 1961 జనవరి 24న నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో దగ్గర ఓ బీ52 బాంబర్ విమానం గాల్లోనే ముక్కలై, రెండు హైడ్రోజన్ బాంబులు కింద పడ్డాయి. ఒక్కోటి హిరోషిమా బాంబుకు సుమారు 250 రెట్లు. ఒకటి పారాచూట్ విచ్చుకుని చెట్టుకు చిక్కుకుంది. పేలడానికి ఎక్కాల్సిన మెట్లు ఒక్కోటే ఎక్కుతూ వచ్చి, మామూలు లో వోల్టేజీ స్విచ్ ఒకటి అడ్డుపడితే ఆగింది. రెండోది బురద నేలలోకి దిగబడిపోయింది. దాని ముక్క కొంత ఇప్పటికీ అక్కడే ఉంది. దానిమీద ఎవరూ లోతుగా తవ్వకుండా ప్రభుత్వం ఆ చోటుపై హక్కు కొనుక్కుంది. ఎక్కడుందో తెలిసిన వస్తువు పోయినట్టెలా అవుతుంది?

ఎక్కడుందో తెలియనివీ ఉన్నాయి, నిజమే. 2007 ఆగస్టు 29న నార్త్ డకోటాలోని మైనాట్ స్థావరంలో ఉత్త క్షిపణులనుకుని, అసలైన అణు వార్‌హెడ్లున్న ఆరు క్రూయిజ్ క్షిపణులను విమానం రెక్కకు తగిలించారు. రాత్రంతా అలాగే వదిలేశారు. తెల్లారాక దేశం మీదుగా లూసియానాకు తీసుకెళ్లి అక్కడా వదిలేశారు. దాదాపు 36 గంటలపాటు ఆ సంగతి ఎవరికీ తెలీదు. జనం దీన్ని నిర్లక్ష్యమంటారు. సొంతవాళ్లకే తెలియని రహస్యం శత్రువుకు ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? ఇంతకు మించిన గోప్యత ఉంటుందా?

అంతకు ముందు ఏడాది తైవాన్‌కు హెలికాప్టర్ బ్యాటరీలు పంపాల్సి ఉంటే, మినిట్‌మన్ ముక్కులో అమర్చే, బాంబును పేల్చే ఫ్యూజు సామాను నాలుగు సెట్లు వెళ్లాయి. 2008లో గానీ బయటపడలేదు. బ్యాటరీ అడిగితే క్షిపణి సామాను ఇచ్చే చెయ్యి ఎంత పెద్దదో చూడండి. ఆ జూన్‌లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ వైమానిక దళ కార్యదర్శినీ, అధిపతినీ ఒకేసారి ఇంటికి పంపాడు. ఆయనకూ జనం జబ్బే అంటుకున్నట్టుంది.

1979 నవంబరులో ట్రైనింగ్ టేపు అసలు కంప్యూటర్లోకి ఎక్కి సోవియట్ క్షిపణులు వచ్చేస్తున్నాయని గంట కొట్టడం, మరుసటేడు 46 సెంట్ల చిప్పు చెడి మళ్లీ అదే గంట మోగడం, ఇవన్నీ ఏకరువు పెట్టి మీకు టెన్షన్ పెట్టను.

ఒక్కటి మాత్రం నా వాదనకు కాస్త ఇబ్బందిగా ఉంది. మినిట్‌మన్ బంకర్లో తాళం చెవులు రెండు. వాటి స్విచ్‌లు ఒకే మనిషి చేతులకు అందనంత ఎడంగా పెట్టారు. ఇద్దరూ ఒకేసారి తిప్పాలి. ఇప్పుడైతే అణుబాంబు దగ్గర ఏ సిపాయినీ ఒంటరిగా వదలరు. మనసు నిలకడగా ఉందో లేదో పరీక్షిస్తూనే ఉంటారు. ఇంత అనుమానం పామరులకు కూడా లేదు.

1973లో వియత్నాం చూసొచ్చిన మేజర్ హెరాల్డ్ హెరింగ్ కూడా ఈ కొలువుకే శిక్షణకు వెళ్లాడు. మనసు పరీక్ష పైదాకా ఉంటుందనుకున్నాడు కాబోలు, క్లాసులో అడిగాడు. ప్రయోగించమనే ఆజ్ఞ మతి సరిగ్గా ఉన్న అధ్యక్షుడి నుంచే వచ్చిందని నాకెలా తెలుస్తుంది? అది నీకు తెలియాల్సిన పని లేదన్నారు. శిక్షణలోంచి తీసేశారు, ఆ తర్వాత కొలువులోంచీ పంపేశారు. ఆయన లారీ డ్రైవరయ్యాడు. దానికి తాళం చెవి ఒక్కటే.