హైదరాబాద్‌కు సముద్రం వచ్చింది, మూడడుగులది

హైదరాబాద్‌కు సముద్రం లేదన్న లోటును ఇంతవరకు ఏ ప్రభుత్వమూ తీర్చలేదు. పేర్లకు మాత్రం కొదవ లేదు. హుస్సేన్ సాగర్, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఇన్ని సాగరాలుండి, పాదం తడిపి వెనక్కి పోయే అల ఒక్కటీ లేదు. ఈ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. మా హాల్లో, టీవీ పక్కన, మూడడుగుల చేపల తొట్టిలో.

చేపల షాపతను అలలు లేపే వేవ్‌మేకర్ తీసి నా చేతిలో పెట్టి, "ఇది పెట్టిన్రంటే సార్, ట్యాంకుల సముద్రమే దిగుతది" అన్నాడు. చూస్తే అరచేతిలో ఇమిడే ఫ్యాను. గాజుకు లోపలొకటి, బయటొకటి అయస్కాంతాలు. గంటకు 4,000 లీటర్లు తోస్తుందట. మా తొట్టిలో పట్టేది 150. అంటే నీళ్లన్నీ గంటకు ఇరవై ఆరుసార్లు దాని ముందు హాజరు పలకాలన్నమాట. జలమండలి ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్ల లెక్కను ఇది అయిదు గంటల్లో ముగిస్తుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో ఇంత ప్రవాహాన్ని కళ్లజూడటమే ఒక భోగం. ట్యాంకరతను కూడా బిల్లు తీసుకోవడం మరిచి కాసేపు నిలబడ్డాడు.

శాస్త్రమూ నా పక్షమే. ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది పైపొర నుంచి. ఆ పొర కదులుతుంటేనే కింది నీళ్లకు వంతు వస్తుంది. పగడాలకైతే ప్రవాహమే ప్రాణం. ఉన్నచోటు నుంచి కదలలేవు కాబట్టి తిండి మోసుకొచ్చేదీ, మలినం మోసుకుపోయేదీ నీళ్లే. మా తొట్టిలోనూ ఒక పగడం ఉంది. ప్లాస్టిక్‌ది. ఆకలవుతోందని అది ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు గానీ, రేపు చేస్తే?

అసలు ఘనకార్యం అలది. ప్రతి తొట్టికీ తనదైన ఊపు ఒకటుంటుంది. నీళ్లు ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి తిరిగి రావడానికి మా దాంట్లో సెకనుకు కాస్త ఎక్కువ పడుతుంది. ఉయ్యాలను అదను చూసి తోసినట్టు, మోటారు సరిగ్గా ఆ లయలో ఆగి ఆగి కొడితే, చిన్న తోపుకే నీళ్లు లేచి ఊగుతాయి. నేను నాబ్ తిప్పుతూ తిప్పుతూ సరిగ్గా ఆ లయనే పట్టాను. తొలి కెరటం గట్టు దాటి సోఫా మీద విరిగింది. గాజు అతుకుల్లోని సిలికాన్ ఈ ఉద్యమంలో ఎన్నాళ్లు నా వెంట ఉంటుందో తెలియదు.

ఊరి నుంచి వచ్చిన అమ్మ మాత్రం తొట్టి వైపు చాలాసేపు చూసి, "మన చెరువుల చేపలకు ఎవడు పెట్టిండురా ఈ మోటరు?" అంది.

"గాలే అలలు లేపుతదమ్మా."

"మరి కిటికీ తెరువు."

పెద్దలకు అభివృద్ధి అర్థం కాదు.

ఇక ప్రజల స్పందన. గప్పీలు ఒక మూల గుంపుకట్టి, ఎదురీదుతూ ఉన్నచోటే ఉంటున్నాయి. ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం ఆరుగంటల బండ్లలాగా. సక్కర్ ఫిష్ గాజుకు నోరు అతికించుకుని తటస్థంగా ఉంది. పేచీ అంతా ఫైటర్ చేపతోనే. దాని పూర్వీకులవి థాయ్‌లాండ్ వరిమళ్లు, నిలవనీళ్లు. పైకొచ్చి నేరుగా గాలే పీల్చుకోగలదు కనుక నా ఆక్సిజన్ పథకం కింద దానికి అర్హతే లేదు. పైగా పట్టుచీర కుచ్చిళ్లంత రెక్కలు. ప్రవాహానికి అవి తెరచాపలై, పేరుకు ఫైటర్, ఫిల్టర్ వెనక దాక్కుంటోంది.

మొన్న మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. సముద్రం ఆగింది. ఫైటర్ మెల్లగా బయటికొచ్చి, ఒక మూలన గాలి మింగుతూ, బుడగ పక్కన బుడగ పేర్చి, రూపాయి బిళ్లంత నురుగు గూడు కట్టుకుంది. మగ ఫైటర్లు పిల్లల కోసం కట్టే ఇల్లు అది.

కరెంటు వచ్చింది. మోటారు ఒక్క తోపు తోసింది.

ముంపు బాధితుడికి పరిహారంగా ఆ పూట రెండు గింజలు మేత ఎక్కువ మంజూరు చేశాను.