జాకెట్ వేసుకున్న పావురం గారికి

మహారాజశ్రీ శాంతి పావురం గారికి,

తమరు కాన్వాస్ బొమ్మగా మా ఇంటికి వేంచేసి నాలుగు రోజులైంది. 2,200 రూపాయలు కట్టి, పద్నాలుగు రోజులు ఎదురుచూస్తే అట్ట గొట్టంలో చుట్టుకుని దిగారు. తీరా విప్పి చూస్తే, మీ గుండెల మీద ఉండాల్సిన ఎర్ర గీతల తుపాకీ గురి గుర్తు లేదు.

ముక్కున ఆలివ్ రెమ్మ ఉంది, ఒంటిమీద బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ ఉంది. గురి మాత్రం మాయం. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. "ఇది లివింగ్ రూమ్ ఎడిషన్ సార్. గన్ గుర్తులుంటే ఇంట్లో నెగటివ్‌గా ఉంటుందని తీసేశాం."

పాలస్తీనాలోని బెత్లెహేములో, ఆ వీధి గోడల చిత్రకారుడు బ్యాంక్సీ మిమ్మల్ని గోడకెక్కించింది ఆ గురితోనే కదండీ? శాంతి తెచ్చే పిట్టకి కూడా జాకెట్ తొడగాల్సిన ఊరు అది. ఆ ఎర్ర గీతలు చెరిపేస్తే మిగిలేది చలికి స్వెట్టర్ వేసుకున్న పావురం. మా బాబాయి అదే అడిగాడు, "ఊటీ పిట్టా ఇది?" అని.

శిబి చక్రవర్తి కథలో మీ పూర్వీకుడి వెనకాల డేగ ఉంది. డేగని తీసేసి చెప్పమనండి చూద్దాం. రాజుగారు పావురాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అంతే, కథ కంచికి. తొడ కోసిచ్చే పనే లేదు.

మీ బంధువర్గం సంగతులు నాకూ కొంచెం తెలుసు. 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టర్ మీదికి పికాసో ఎక్కించిన మీ పెద్దాయన, తోటి చిత్రకారుడు మాతిస్ ఇచ్చిన పెంపుడు పావురమట. పైరవీ లేకుండా పిట్ట కూడా పైకి రాదన్నమాట. 2024లో లండన్‌లో బ్యాంక్సీ డిష్ యాంటెన్నా మీద తోడేలుని గీస్తే, అదే రోజు దొంగలు పట్టుకుపోయారు. 2018లో వేలం గదిలో ఆయన బొమ్మ 10 లక్షల పౌండ్లకు పైగా పలికి, వేలం సుత్తి కొట్టగానే, ఫ్రేములో ఆయనే దాచిన యంత్రంలో పడి సగం చిరిగింది. ఆ చిరిగిన బొమ్మే 2021లో కోటీ 85 లక్షల పౌండ్లు దాటింది. మిమ్మల్ని చెరిపినందుకు నాకు దక్కింది పది శాతం కూపన్.

(బాల్కనీలో మీ వాళ్ళు రాకుండా నేనే వల కట్టించాను. అది వేరే విషయం.)

కానీ ఆ గురి సంగతి మింగుడు పడటం లేదు. ఏం, నీకు నోరు లేదా? చెరుపుతుంటే ఆ రెమ్మ పక్కన పెట్టి ఒక్క కూతైనా కూయలేకపోయావా? కాల్చేవాడు కనపడకూడదు, నువ్వు మాత్రం మా సోఫా రంగుకి మ్యాచ్ అవ్వాలి. సిగ్గులేని బేరం! చేసింది వాళ్ళు, డబ్బులిచ్చింది నేను.

నిన్న రాత్రి మా పాప ఎర్ర స్కెచ్ పెన్ తీసుకుని ఆ గురేదో నేనే గీశాను. కాన్వాస్ కదా, ఇంకు పీల్చుకుని అలుక్కుపోయింది. పొద్దున్నే మా అమ్మ చూసి, "కొత్త బండికి పెట్టినట్టు దీనికీ బొట్టు పెట్టావేంట్రా?" అంది. అని, దణ్ణం కూడా పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఇట్లు,
మీ గోడ యజమాని